రాచమల్లు రామచంద్రారెడ్డి (1922–1988): కడప నేలలో ఒక సంపాదకుని జీవితం

ఆధునిక తెలుగు సాహిత్య పత్రికల చరిత్ర చాలవరకు మద్రాసు, విజయవాడ, హైదరాబాదు నగరాల చుట్టూ తిరుగుతుంది. అయితే కరవు సీమగా పేరుపడిన కడపకు ఈ చరిత్రలో ప్రత్యేక స్థానముంది. 19వ శతాబ్ది పూర్వార్ధంలో సి.పి. బ్రౌన్ పండితులను చేరదీసి, తాళపత్ర ప్రతులను పోల్చి, పాఠాలను పరిష్కరింపజేసినది ఈ పట్టణంలోనే. ఆ తరువాత శతాబ్దంలో ఇక్కడే సమకాలీన రచనలను అంతే శ్రద్ధగా పరీక్షించిన సంపాదకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి. సాహిత్య లోకానికి ఆయన 'రా.రా.'

ఆయన 1922లో పులివెందుల ప్రాంతంలోని పైడిపాలెం గ్రామంలో జన్మించారు. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చేరినా, విద్యార్థి ఉద్యమంలో పాల్గొన్నందున చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఆపై కమ్యూనిస్టు ఉద్యమానికి చేరువై 'విశాలాంధ్ర'లో పనిచేశారు. 'సవ్యసాచి' పత్రికను నడిపారు. 'అలసిన గుండెలు' ఆయన కథల సంపుటి.

1968లో ఆయన సంపాదకత్వంలో 'సంవేదన' త్రైమాసిక పత్రిక ప్రారంభమైంది. వెలువడినవి కొద్ది సంచికలే. అయినా దాని ప్రభావం చిన్నది కాదు. రా.రా. మార్క్సిస్టు. కాని రచయిత తన పక్షంవాడన్న కారణంతో బలహీనమైన రచనను ఆయన మెచ్చుకోలేదు. ఆశయం గొప్పదైనంత మాత్రాన కవిత్వం గొప్పది కాదని, పాఠకుని హృదయ సంస్కారాన్ని పెంచనిది ఉత్తమ సాహిత్యం కాదని ఆయన అభిప్రాయం. ఈ నిర్మొహమాటం వలన ఆయనకు కఠిన విమర్శకుడన్న పేరు వచ్చింది. స్నేహితులు కూడా నొచ్చుకున్నారు. ఆయన విమర్శ వ్యాసాలు 'సారస్వత వివేచన'గా గ్రంథరూపం పొందాయి.

1970లలో ఆయన మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకునిగా కొన్ని సంవత్సరాలు పనిచేశారు. అనువాదంలోని కష్టసుఖాలను లోతుగా చర్చించిన ఆయన గ్రంథం 'అనువాద సమస్యలు'. మూలంలోని మాటకు మాట పెట్టడం అనువాదం కాదని, భావం తెలుగు నుడికారంలో పలకాలని అందులో సోదాహరణంగా నిరూపించారు. దీనికే 1988 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అదే సంవత్సరం నవంబరులో ఆయన కన్నుమూశారు.

రా.రా. విశ్వాసాలతో ఏకీభవించనివారు మనలో అనేకులుండవచ్చు. అయినా ఆయన వేసిన ప్రశ్న మనదే. ఆంగ్ల గ్రంథాలు చదివి తెలుగులో బోధించే కాపరి, వ్యాసం వ్రాసే విద్యార్థి ప్రతివారమూ ఎదుర్కొనే ప్రశ్న అది: మన ఉద్దేశం మంచిదైనప్పుడు మన మాట అస్పష్టంగా ఉన్నా ఫరవాలేదా? ఫరవాలేదని ఆయన తన మిత్రులకు సైతం చెప్పలేదు. వినేవానికి అర్థం కాని సత్యం వానికి అందనట్లే. కడపలో కొద్ది సంచికలతో ముగిసిన ఆ పత్రికను నేటికీ స్మరించుకోవడానికి ఈ నిజాయితీయే కారణం.