వోచర్ లేని వంశచరిత్రలు

ముందు కథ చెప్తాను. ఒక రాజు యజ్ఞం చెయ్యాలనుకుంటాడు. తన రాజ్యంలో వేదం సరిగ్గా తెలిసినవాళ్ళు లేరని బెంగపడతాడు. ఉత్తరాది నించి బ్రాహ్మణుల్ని పిలిపిస్తాడు. వాళ్ళు వచ్చి మహిమ చూపిస్తారు. రాజు సంతోషించి ఊళ్ళు దానం చేస్తాడు. ఆ వచ్చినవాళ్ళ సంతానమే మేము!

ఈ కథ మా ఇంట్లో చిన్నప్పట్నించీ విన్నాను. మా కథలో రాజు పేరు ముక్కంటి కాడువెట్టి, అంటే త్రిలోచన పల్లవుడు. మావాళ్ళు వచ్చింది అహిచ్ఛత్రం నించి. దానం ఇచ్చిన అగ్రహారాలు శ్రీశైలానికి తూర్పున. ఉద్యోగరీత్యా కలకత్తాలో స్థిరపడ్డాక ఇదే కథ ముఖర్జీల నోటా, బెనర్జీల నోటా, ఛటర్జీల నోటా విన్నాను. వాళ్ళ రాజు ఆదిశూరుడు. వచ్చింది కనోజ్ నించి, అయిదుగురు. ఎండిన కొయ్య మీద అక్షతలు వేస్తే అది చిగిర్చిందట.

వెయ్యి కిలోమీటర్ల దూరంలో వున్న రెండు జాతులు తమ పూర్వీకుల గురించి ఒకే కథ చెప్తున్నాయంటే అది జ్ఞాపకం కాదు. అచ్చువేసిన ఫారం. రాజు పేరు, ఊరి పేరు దగ్గర ఖాళీలు వదిలారు. ఎవరికి వాళ్ళు నింపుకున్నారు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేశాను. అక్కడ ఎంత పెద్ద ఆఫీసరు సంతకం పెట్టినా వోచర్ లేకపోతే బిల్లు పాస్ కాదు. ఈ కథల వోచర్లు కూడా చూద్దాం.

ఆదిశూరుడి పేరు వున్న శాసనం ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. కథ వున్నదల్లా 'కులజీ' అనే వంశావళి గ్రంథాల్లో. అవి ఆ రాజు కాలానికి ఎన్నో వందల ఏళ్ళ తర్వాత రాసినవి. అవైనా ఒకదానితో ఒకటి ఏకీభవించవు. బ్రాహ్మణులు వచ్చిన సంవత్సరం ఒక్కో పుస్తకంలో ఒక్కోటి, క్రీ.శ. 8వ శతాబ్దం నించి 11వ శతాబ్దం దాకా! ఆ అయిదుగురి పేర్లు రాఢీ శాఖవాళ్ళు చెప్పేవి వేరు, వారేంద్ర శాఖవాళ్ళు చెప్పేవి వేరు. పోనీ, బెంగాల్లో అంతకుముందు వైదిక కర్మలు తెలిసినవాళ్ళు లేరన్న మాటైనా నిజమా? ఉత్తర బెంగాల్లోని దామోదర్‌పూర్‌లో గుప్తుల కాలపు రాగిరేకులు దొరికాయి. అగ్నిహోత్రం చేసుకోటానికి ఒక బ్రాహ్మణుడు భూమి కొనుక్కున్నట్టు అందులో వుంది. అది 5వ శతాబ్దం. ఇంక రాజు బెంగ దేనికి?

మన వైపు సంగతీ ఇంతే. తూర్పు చాళుక్యులు వేంగిలో రాజ్యం స్థాపించింది 624 ప్రాంతంలో. వాళ్ళ తొలి శాసనాల్లో వంశవర్ణన క్లుప్తంగా వుంటుంది. అయోధ్య ఊసే లేదు. దాదాపు నాలుగు వందల ఏళ్ళ తర్వాత, రాజరాజనరేంద్రుడి తండ్రి విమలాదిత్యుడు వేయించిన రణస్తిపూండి శాసనంలో హఠాత్తుగా పెద్ద కథ ప్రత్యక్షమవుతుంది. అయోధ్యని ఏలిన 59 మంది చక్రవర్తులు, దక్షిణాదికి వచ్చి త్రిలోచన పల్లవుడితో పోరులో చనిపోయిన మూలపురుషుడు, గర్భవతి అయిన రాణిని కాపాడిన బ్రాహ్మణుడు, అన్నీ వచ్చేశాయి. మామూలుగా కాలం గడిచేకొద్దీ జ్ఞాపకం చెరిగిపోతుంది. వంశకథలు మాత్రం కాలం గడిచేకొద్దీ వివరాలు పెంచుకుంటాయి!

ఈ కథలు ఎవరు రాశారన్నది అసలు ప్రశ్న. బెంగాల్లో కులజీలు రాసి భద్రపరిచింది 'ఘటకులు', అంటే పెళ్ళి సంబంధాలు కుదిర్చేవాళ్ళు. ఎవరి వంశం గొప్పదో తేల్చేదీ వాళ్ళే, ఆ గొప్ప మీద సంబంధం కుదిర్చి సంభావన పుచ్చుకునేదీ వాళ్ళే. బిల్లు పెట్టేవాడే బిల్లు పాస్ చేసేవాడన్నమాట.

తెలుగుదేశంలో కైఫియత్తులూ అలాంటివే. కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరులు ఊరూరూ తిరిగి (తిప్పి) ఇవి పోగుచేయించారు. అన్న బొర్రయ్య 1803లో పోయాడు. తర్వాత లక్ష్మయ్య ఆ భారం ఎత్తుకుని మెకంజీ వెంట కలకత్తాదాకా వచ్చాడు. ఇంకో తమ్ముడు రామస్వామి దక్కను కవుల చరిత్రని ఇంగ్లీషులో రాసి 1829లో ఇక్కడే అచ్చువేయించాడు. 1821లో చనిపోయిన మెకంజీ సమాధి సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానంలో వుంది. ఈ సేకరణ చాలా విలువైనదే. కానీ కైఫియత్తు అంటే వాంగ్మూలం. కొత్త దొర వచ్చి 'ఈ ఇనాం మీకెలా వచ్చింది?' అని అడుగుతున్నప్పుడు కరణం ఏం రాయిస్తాడు? త్రిలోచన పల్లవుడు ఇచ్చాడనే! చనిపోయిన రాజు వచ్చి కాదనడు కదా.

'పోనీండి, కథలే కదా, వాటివల్ల నష్టం ఏమిటి?' అంటారు కొందరు మిత్రులు. నష్టం వుంది. దాన్ని లెక్కకట్టిన మనిషి ఈ నగరంలోనే వుండేవాడు.

కనోజ్ వంశం స్వచ్ఛంగా వున్నవాళ్ళని 'కులీను'లన్నారు. బల్లాలసేనుడు ఆ హోదా ఇచ్చాడంటారు. (సేనరాజుల శాసనాల్లో ఆ మాట లేదు. పైగా వాళ్ళే కర్ణాటక నించి వచ్చినవాళ్ళు.) కులీనుడి కూతుర్ని కులీనుడికే ఇవ్వాలి. కులీన పురుషుడు మాత్రం కట్నం తీసుకుని ఎందరినైనా చేసుకోవచ్చు. దాంతో పెళ్ళి చేసుకోవటమే వృత్తి అయింది. భార్యలు పుట్టింట్లోనే వుండిపోయేవాళ్ళు. మొగుడు పోతే, మొహమైనా సరిగ్గా ఎరగని మనిషికోసం ఒకేరోజు పదులమంది వితంతువులయ్యేవాళ్ళు.

ఈశ్వరచంద్ర విద్యాసాగర్ దీన్ని చట్టంతో ఆపమని 1855లోనూ 1866లోనూ ప్రభుత్వానికి అర్జీలు పెట్టించాడు. 'ఆ ఆచారం ఎప్పుడో పోయింది' అన్నారు ప్రత్యర్థులు. ఆయన 1871లో అచ్చువేసిన పుస్తకంలో హుగ్లీ జిల్లా జాబితా ఇచ్చాడు. పేరు, పెళ్ళిళ్ళ సంఖ్య, వయసు, ఊరు. ఒకాయన వయసు 55, పెళ్ళిళ్ళు 80. నేను చూసిన గొప్ప ఆడిట్ రిపోర్టుల్లో ఇదొకటి. అయినా చట్టం రాలేదు. హిందూ వివాహ చట్టం వచ్చేసరికి 1955 అయింది. వోచర్ లేని ఒక కథకి వందల ఏళ్ళపాటు బిల్లు కట్టింది ఆ ఆడపిల్లలు.

ఇంక లెక్క చూద్దాం. మనకి తల్లిదండ్రులు ఇద్దరు, వాళ్ళ తల్లిదండ్రులు నలుగురు, ఆ పైన ఎనిమిది మంది. ఇలా పది తరాలకి 1,024 స్థానాలు. ముప్పై తరాలకి 107 కోట్లు దాటుతాయి. అప్పట్లో మొత్తం ప్రపంచ జనాభాయే అందులో సగం లేదు. అంటే ఒకే మనుషులు మళ్ళీ మళ్ళీ వస్తున్నారన్నమాట. మేనరికం చేసుకుంటే ఎనిమిది మంది ముత్తాతలూ ముత్తవ్వలూ వుండాల్సిన చోట ఆరుగురే వుంటారు. ఇన్ని స్థానాల్లో ఒకే ఒక్క మగవాడిని ఏరి, 'ఈయనే మా మూలపురుషుడు' అనటం ఏం న్యాయం? మిగిలినవాళ్ళు ఏమయ్యారు?

వదిలేసినవాళ్ళలో అవసరమైన సమాచారం వుంది. తెలుగు వైశ్యుల్లో రెండు వేల ఏళ్ళకు పైగా బయటి సంబంధాలు దాదాపు లేవని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న 2009 నాటి పరిశోధనతో మొదలై జన్యుశాస్త్రం చూపించింది. వాళ్ళలో కొందరికి ఆపరేషనప్పుడు కండరాలు సడలటానికిచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు ప్రమాదం తెస్తుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము వాళ్ళ రక్తంలో లోపించటమే కారణం. మేనమామకి ఆపరేషన్ బల్లమీద ఊపిరి అందలేదన్న సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలియాలి. గోత్రం చెప్పినంత గడగడా చెప్పగలగాలి. చెప్తున్నారా?

మా ఇంట్లోనూ అంతే. అహిచ్ఛత్రం నించి గోదావరికి వెయ్యేళ్ళ కిందటి ప్రయాణం అందరికీ కంఠస్థం. మా తాత బెంగాల్ నాగపూర్ రైల్వే ఉద్యోగానికి ఖరగ్‌పూర్ ఏ సంవత్సరం వచ్చాడో ఒక్కరికీ తెలియదు. ఆయన తల్లి పేరూ తెలియదు. ఇద్దరు మేనత్తలు చిన్నప్పుడే పోయారు. దేనివల్లో ఎవరూ అడగలేదు.

కాబట్టి మిత్రులారా, ఇంట్లో పెద్దవాళ్ళు వుంటే కూర్చుని అడగండి. మూలపురుషుడి సంగతి వద్దు. ముత్తవ్వల పేర్లేమిటి, ఎవరు ఏ వయసులో ఏ జబ్బుతో పోయారు, ఊరు ఎందుకు వదిలారు, ఇంట్లో ఎవరి పేరు ఎత్తకూడదంటారు, ఎందుకు? పాత సర్వీసు కాయితాలూ, దస్తావేజులూ వుంటే తీసి సరిచూడండి. తేదీ వేసి రాసిపెట్టండి. మీ మనవలకి అది పనికొస్తుంది.