ఇంటి కుండ, బజారు గ్లాసు



ఈ పూట ఎరువుల గురించో పురుగుమందుల గురించో కాదు, మనం రోజూ తాగే వాటి చరిత్ర చెప్పుకుందాం. అందులో ఏముంది, దాహమేస్తే తాగుతాం అంటారేమో. రేపు పొద్దున ఏడింటికి మీ ఊరి టీకొట్టు బల్లమీద కూర్చున్నవారిని ఒక్కసారి చూడండి. వారిలో ఆడవారెందరు? ఆ బల్ల మగవారి బల్ల కావడానికి నూరేళ్ళకు పైబడిన కథ ఉన్నది.

పూర్వం పల్లెల్లో తాగేవి చాలావరకు ఇంట్లోనే తయారయ్యేవి. రాయలసీమవారు రాగంబలి అన్నారు, ఉత్తరాంధ్రవారు చోడి అంబలి అన్నారు, తెలంగాణవారు తైదంబలి అన్నారు. గింజ ఒకటే. రాత్రి కాచి కుండలో పోసి ఉంచితే తెల్లవారేసరికి కాస్త పులిసేది. అందులో చల్ల కలిపి, ఉల్లిపాయ నంజుకుంటూ నాగలి పట్టేవాడూ తాగేవాడు, నాటుకు పోయే మనిషీ తాగేది. కోస్తా ఇళ్ళలో తరవాణి కుండ ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, వార్చిన గంజి అందులో పోసి పులియబెట్టేవారు. అలాగని ఆ రోజుల్లో అంతా సమానమనుకోకండి. గడ్డపెరుగు మగవారి కంచంలోకి పోయేది, అడుగున మిగిలిన పలచటి చల్ల ఆడవారికి దక్కేది. కాని కుండ ఒకటే. అది ఆడవారి చేతిలో ఉండేది.

టీ అలా కాదు. అది మనకు అలవాటు చేయబడినది. 1903లో టీ మీద సెస్సు వసూలుకు చట్టం వచ్చింది. ఆ డబ్బు టీ ప్రచారానికి ఖర్చుపెట్టారు. 1930 తర్వాత ప్రపంచమంతా వ్యాపారం మందగించి ఎగుమతులు దెబ్బతినేసరికి, ఆ సరుకును ఈ దేశంలోనే అమ్మాలని మరీ గట్టిగా పూనుకున్నారు. రైల్వే స్టేషన్లలో, మిల్లుల దగ్గర, బజారుల్లో కెటిళ్ళు పెట్టి రుచి చూపించారు. ఆ చోట్ల తిరిగేవారిలో ఎక్కువమంది ఎవరు? మగవారే గదా! పట్నాల్లో కాఫీ హోటళ్ళూ అంతే. హైదరాబాదు ఇరానీ హోటళ్ళలో కొన్నింటికి కుటుంబాలతో వచ్చేవారికని వేరే గది ఉండేది. తక్కిన హోటలంతా మగవారిదని వేరే చెప్పాలా?

పాడిలో వచ్చిన మార్పు కూడా చూడండి. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ ఆరంభమైన తర్వాత పాలకేంద్రాలు చాలా ఊళ్ళకు వచ్చాయి. చేతికి డబ్బు వచ్చింది, మేలే జరిగింది. కాని పాలు కేంద్రానికి పోయిన ఇంట్లో తోడు పెట్టడానికి మిగిలేదెంత? కవ్వం మూలపడింది. వెన్న తీసిన చల్ల ఇరుగుపొరుగులకు ఊరికే పోసేవారు, కూలికి వచ్చినవారికి పోసేవారు. ఆ చల్ల పోయింది. మిగిలిన గిద్దెడు పాలు టీలోకి పోయాయి.

ఇక కల్లు, సారా. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు. చెట్టెక్కేది మగవాడే అయినా, తెలంగాణ పల్లెల్లో కూలిపని చేసి వచ్చిన ఆడవారు కూడా కల్లు తాగేవారు, పండుగకు ఇంటికి తెప్పించుకొనేవారు. సారా మాత్రం మగవారి తాగుడైంది. 1980ల్లో అది ప్యాకెట్లలో మారుమూల ఊళ్ళకు సైతం చేరింది. తాగింది మగవారు, ఇల్లు గడిపింది ఆడవారి కూలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవారు ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. అక్కడినుంచి ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తివేశారు. ఒక పానీయం మీద మన ఆడవారు బహిరంగంగా తీర్పు చెప్పిన సందర్భం నాకు తెలిసి అంత పెద్దది మరొకటి లేదు.

ఇప్పుడు టీ ఆడవారికీ అందింది. ఎలా అందింది? చాలామందికి తిండికి బదులుగా అందింది. పొద్దున అంబలి తాగే వేళకు టీ తాగి పొలం పోతున్నారు. అంబలిలో గింజ ఉన్నది. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. టీనీళ్ళలో ఆకలి చంపే గుణం తప్ప ఆ బలం లేదు. పైగా అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఒంటికి సరిగా పట్టదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. అదే వయసు మగవారిలో 25 మందికే. దీనికి కారణాలు అనేకం, నేరమంతా టీ మీదకు నెట్టను. అయినా అన్నానికీ టీకీ మధ్య గంటసేపు వ్యవధి ఉంచమని చెప్పడానికి విస్తరణ కార్యకర్తకు పైసా ఖర్చులేదు.

మంచినీళ్ళ మాట చివర చెప్తున్నాను గాని అసలు ముందే చెప్పవలసింది. నాట్లకు వచ్చిన ఆడవారు ఎండలో కూడా నీళ్ళు తక్కువ తాగుతారు. దాహం లేక కాదు, మరుగు లేక. మగవాడు గట్టు చాటుకు పోయి వస్తాడు. ఆడమనిషి పొద్దుగూకేదాకా ఓర్చుకుంటుంది. మూత్రంలో మంట, తలనొప్పి, వడదెబ్బ ఇక్కడినుంచే మొదలవుతాయి. కూలీలకు నీళ్ళబిందె పంపే రైతులు చాలామంది ఉన్నారు, మరుగు కట్టించేవారు అరుదు. నాలుగు వాసాలు, రెండు పాత పరదాలు చాలు. ఈ మడిలో నాట్లు అయ్యాక విప్పి పక్క మడి గట్టున పాతుకోవచ్చు.