మంచూరియాలో దొరకని మంచూరియా

‘హక్కా’ అంటే నూడుల్స్‌లో ఒక రకం అనుకుంటారు చాలామంది. మెనూలో తప్ప ఇంకెక్కడా ఆ మాట కనబడదు కాబట్టి అలా అనుకోవడంలో వింతేమీ లేదు. నిజానికి అది ఒక జనం పేరు. ఉత్తర చైనా నుంచి తరతరాలుగా దక్షిణానికి వలస వచ్చినవాళ్ళని హక్కాలు అన్నారు, ‘అతిథి కుటుంబాలు’ అని అర్థం. వాళ్ళు ప్రధానంగా అన్నం తినేవాళ్ళు. వేడి ఉప్పులో పూడ్చి వండిన కోడి, ఊరేసి ఎండబెట్టిన ఆవాకుతో పంది మాంసం, లోపల మాంసం కూరిన టోఫూ - ఇవీ వాళ్ళకి పేరు తెచ్చిన వంటలు. మన నూడుల్స్‌కి హక్కా అన్న పేరు అది వండిన మనుషుల నుంచి వచ్చింది. వాళ్ళు కలకత్తా హక్కాలు.

మంచూరియా సంగతి ఇంకా తమాషా. అది ఈశాన్య చైనాలో గడ్డకట్టే చలి ప్రాంతం. పులియబెట్టిన క్యాబేజీ, గోధుమపిండి డంప్లింగ్స్ అక్కడి తిండి. మన మంచూరియా మాత్రం 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియా వంటింట్లో పుట్టిందని చెప్తారు. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్, మెనూలో లేనిది ఏదైనా చెయ్యమని ఎవరో అడిగితే అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించాడు. గరం మసాలా వెయ్యాల్సిన చోట సోయా సాస్ పోశాడు. కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచాడు.

కొంచెం ఆగి చూస్తే అది మన కూరే. అల్లం, వెల్లుల్లి చైనా వంటలోనూ ఉంటాయి, కానీ అక్కడ చాలా వంటల్లో వాటి పని నూనెకి వాసన పట్టించడం వరకే. ఇక్కడ రుచంతా వాటిదే. అక్కడ పిండి నీళ్ళు మాంసానికి పల్చగా, మెరుపులా అంటుకుంటాయి. ఇక్కడ అన్నంలో కలుపుకునేంత గ్రేవీ కావాలి. ‘షెజ్వాన్’ ఇంకో ఉదాహరణ. సిచువాన్ వంటకి ప్రాణం నాలుకని తిమ్మిరెక్కించే ఒక రకం మిరియం. మన షెజ్వాన్ సాస్‌లో సాధారణంగా అది ఉండదు. ఎండుమిర్చి, వెల్లుల్లి, నూనె. నన్నడిగితే దానికి దగ్గరి చుట్టం సిచువాన్‌లో లేదు, మన వెల్లుల్లి కారం.

అందుకే “ఇది అసలు చైనీస్ కాదు” అని పెదవి విరిచేవాళ్ళు ఎక్కువయ్యారు. మాట నిజమే, కానీ ఆ విరుపు నాకు నచ్చదు. ఎవరు, ఎవరి కోసం, ఏ అవసరం కొద్దీ వండారన్నది వదిలేస్తే ఇందులో మిగిలేది సాస్ ఒక్కటే.

18వ శతాబ్దం చివర్లో టాంగ్ అచ్యూ అనే వ్యాపారి కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున వారన్ హేస్టింగ్స్ ఇచ్చిన భూమిలో చక్కెర మిల్లు పెట్టాడు. ఆ ఊరిని ఇప్పటికీ అచీపూర్ అంటారు. తర్వాత వచ్చినవాళ్ళలో కాంటన్ వాళ్ళు వడ్రంగం పట్టుకున్నారు, హూబే వాళ్ళు పళ్ళ వైద్యం. హక్కాలకి తోలు పని దక్కింది. అగ్రకులాలు ముట్టని పని అది. కులవ్యవస్థకి బయటివాళ్ళు కాబట్టి వీళ్ళకి ఆ అడ్డు లేదు. నగరం తూర్పు అంచున టాంగ్రా చిత్తడి నేలల్లో టానరీలు కట్టుకున్నారు. వాటిలో కూలికి పనిచేసినవాళ్ళలో చాలామంది బీహార్ దళితులు. ఈ ముక్క చైనీస్ ఫుడ్ మీద వచ్చే రంగురంగుల వ్యాసాల్లో సాధారణంగా ఉండదు.

తర్వాత 1962 వచ్చింది. సరిహద్దులో యుద్ధం మొదలయ్యాక చట్టం మార్చి, తల్లిదండ్రుల్లోనో అవ్వాతాతల్లోనో చైనీయులున్నవాళ్ళని కూడా నిర్బంధించే వీలు కల్పించుకుంది ప్రభుత్వం. అస్సాం, షిల్లాంగ్, డార్జిలింగ్, కలకత్తాల నుంచి సుమారు 3,000 మందిని పట్టుకుపోయారు. వాళ్ళలో ఇక్కడే పుట్టినవాళ్ళున్నారు, పిల్లలున్నారు, ముసలివాళ్ళున్నారు. ఈశాన్యం నుంచి రోజుల తరబడి రైల్లో తీసుకెళ్ళి రాజస్థాన్‌లోని దేవళీ శిబిరంలో పెట్టారు. యుద్ధం నెలలో ముగిసింది. శిబిరంలో చివరివాళ్ళు బయటపడేసరికి 1967. తిరిగొచ్చిన చాలామందికి ఇల్లు లేదు, దుకాణం లేదు.

1996లో టానరీలని టాంగ్రా నుంచి తరలించమని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అప్పటికే కొన్ని కుటుంబాలు హోటళ్ళు నడుపుతున్నాయి, ఆ తర్వాత ఇంకొన్ని టానరీలు హోటళ్ళయ్యాయి. ఎత్తైన గోడలు, ఇనుప గేట్లు అలాగే ఉంటాయి, లోపల చిల్లీ చికెన్. ‘అసలు’ రుచి గురించి బెంగపడే తీరిక వాళ్ళకెక్కడిది? ఎదురుగా కూర్చున్నవాడు పచ్చిమిర్చి అడిగితే పచ్చిమిర్చి వేశారు.

చాలామంది అప్పటికే దేశం వదిలి వెళ్ళిపోయారు, ఎక్కువమంది టొరంటోకి. ఇవాళ ఆ ఊళ్ళో ‘హక్కా’ అని బోర్డున్న హోటల్లో ఉప్పులో వండిన కోడి కోసం వెతికితే నిరాశే. చిల్లీ చికెన్, మంచూరియన్ దొరుకుతాయి. బల్లల ముందు కూర్చునేవాళ్ళలో మన ఉపఖండం వాళ్ళు చాలామంది. హక్కా వంట అంటే అక్కడ కలకత్తా వంట అని అర్థం.

దేవళీలో చిన్నపిల్లలుగా ఉన్నవాళ్ళు కొందరు ఇప్పుడు ఆ ఊళ్ళోనే ముసలివాళ్ళయ్యారు. భారత ప్రభుత్వం ఒక్కసారి క్షమాపణ చెప్పాలని ఏళ్ళుగా అడుగుతున్నారు. ఇంకా చెప్పలేదు.