కొండెక్కినప్పుడే కారే ఆయిల్: ఇంజన్ ఊపిరి గొట్టం కథ

డీజిల్ బండ్ల ఎపిసోడ్‌లో టైం చాలక సగంలో ఆపేసిన ముక్క ఇది. ఆయిల్ లీకు ఒకరోజు కనిపించి నాలుగు రోజులు కనిపించకపోతే ఎక్కడ వెతకాలి? మీలో ట్రైలర్ లాగే పికప్‌లు నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి కాస్త వెనక్కి వెళ్లి రాస్తున్నా. వెనక కథ తెలిస్తేనే ఈ లీకు అర్థమవుతుంది.

రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో తన ఇంజన్‌ని విజయవంతంగా నడిపి చూపించాడు. స్పార్క్ ప్లగ్ ఉండదు, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. అంత నొక్కుడు ఉన్నచోట రింగులు ఎంత కొత్తవైనా కొంచెం గ్యాస్ పిస్టన్ పక్కనుంచి కిందికి, అంటే ఆయిల్ ఉండే క్రాంక్‌కేస్‌లోకి, దిగుతూనే ఉంటుంది. ఇక్కడివాళ్లు దాన్ని బ్లో-బై అంటారు. మన మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అంటారు. లోడు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. ఆ గ్యాస్ బయటికి పోయే దారే బ్రీదర్.

పాతకాలంలో ఆ దారి చాలా సింపుల్. ఇంజన్ పక్కనుంచి కిందికి దింపిన ఒక గొట్టం, అంతే. బండి నడుస్తుంటే కింద వీచే గాలి ఆ పొగని లాక్కుపోయేది. 1954లో జంషెడ్‌పూర్ నుంచి టాటా-మెర్సిడెస్ లారీలు రావడం మొదలైంది. ఆ తరం లారీలు ఆగిన చోట నేలమీద నల్ల మరకలు మనందరం చూసినవే. అందులో కొంత ఈ గొట్టం పనే.

అమెరికాలో పెట్రోల్ కార్లకి ఈ గొట్టం 1960లలో పోయింది. లాస్ ఏంజెలిస్ పొగమంచుకి బండ్ల ఆవిర్లు కూడా కారణమని తేలాక ముందు కాలిఫోర్నియాలో, తర్వాత దేశమంతటా ఆ గ్యాస్‌ని మళ్లీ ఇంజన్‌లోకే పంపి కాల్చే పద్ధతి వచ్చింది. పెద్ద టర్బో డీజిళ్లకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆయిల్ కలిసిన గ్యాస్ టర్బోలోకి, ఇంటర్‌కూలర్‌లోకి వెళితే అవి జిడ్డు పడతాయని కంపెనీల గోల. అందుకే 1989లో డాడ్జ్ పికప్‌లో కమ్మిన్స్ 5.9 లీటర్ల ఇంజన్ వచ్చినప్పుడు కూడా దాని బ్రీదర్ గాల్లోకే వదిలేది. ఆ మినహాయింపుకి 2007 మోడల్ నుంచి పర్యావరణ సంస్థ ఈపీఏ ముగింపు పలికింది. దాంతో చాలా ఇంజన్లలో ఆయిల్ ఆవిరిని వడగట్టే ఫిల్టర్ ఒకటి వచ్చి చేరింది. కమ్మిన్స్ 6.7లో దాన్ని 67,500 మైళ్లకి మార్చమని రాసి ఉంటుంది. ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ అందరికీ గుర్తుంటాయి. దీన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఇక రెండో పాత్ర సీలు. క్రాంక్‌షాఫ్ట్ బయటికి వచ్చే చోట మొదట్లో నూనెలో నానిన తాడులాంటిది చుట్టేవాళ్లు. పెదవిలా షాఫ్ట్‌ని పట్టుకునే సీలుకి జర్మనీలో సిమ్మరింగ్ అని పేరు, వాల్టర్ సిమ్మర్ అనే ఇంజనీరు పేరుమీద. దాన్ని తయారుచేసిన ఫ్రాయిడెన్‌బర్గ్ అసలు తోళ్లు శుద్ధి చేసే కంపెనీ. మొదటి సీళ్లు కూడా తోలువే, రబ్బరు తర్వాత వచ్చింది. ఏదైనా సరే, అది ఆయిల్ చిందకుండా ఆపే పెదవి, ప్రెషర్‌ని ఆపే గోడ కాదు. బ్రీదర్ మూసుకుపోతే లోపలి గ్యాస్ ఆ పెదవినే తోసుకుని ఆయిల్‌తో సహా బయటికి వస్తుంది.

మా ప్లెయిన్స్‌బరోలో జరిగింది సరిగ్గా ఇదే. బండి ఏ కంపెనీదో అనవసరం. మినీ ఎక్స్‌కవేటర్‌ని ట్రైలర్ మీద లాగే పికప్ అది. రూట్ 1 మీద, స్కడర్స్ మిల్ రోడ్డు మీద ఎంత తిప్పినా కింద చుక్క లేదు. ఐ-78 మీద పెన్సిల్వేనియా వైపు కొండలెక్కి వచ్చిన రోజు మాత్రం గేర్‌బాక్స్ ముందు భాగం తడి. గ్యారేజీలో రియర్ మెయిన్ సీలు పోయింది, గేర్‌బాక్స్ దించాలన్నారు. వేల డాలర్ల మాట. డ్రైవర్ మన నిజామాబాద్ వైపు కుర్రాడు. ఆయిల్ ఎక్కువ పోశాడని బండి యజమాని వాడిమీద పెట్టి, వేరే డ్రైవర్‌ని చూసుకుంటానన్నాడు. "అన్నా, నేను గేజ్ చూసే పోసిన" అన్నాడు వాడు. గేజ్ తీసి చూశా, గీతల మధ్యే ఉంది.

ఇంజన్ మొత్తం కడిగి, ఆయిల్‌లో రంగు కలిపి, నల్ల లైటుతో పైనుంచి కిందికి చూశాం. పైనుంచే చూడాలి, ఎందుకంటే వాల్వ్ కవర్ దగ్గరో టర్బో రిటర్న్ పైపు దగ్గరో కారినా గాలికి వెనక్కి జారి సీలు లీకులాగే కనిపిస్తుంది. పైన అంతా పొడిగా ఉంది. ఆయిల్ మూత వదులుచేసి అది ఎగురుతుందా అని చూడటం మన ఆటోనగర్ పద్ధతి. మంచిదే గానీ కొన్ని ఇంజన్లలో మూత కొంచెం ఆడటం మామూలే. అందుకని లెవెల్ చూసే మన నీళ్ల ట్యూబు తెచ్చాం. ఆయిల్ పోసే రంధ్రానికి రబ్బరు బిరడా బిగించి, దాంట్లోంచి ట్యూబు దూర్చి, యూ ఆకారంలో వేలాడదీసి నీళ్లు పోశాం. రేస్ ఇస్తే నీళ్లు జానెడు లేచాయి. ఫిల్టర్ మార్చి మళ్లీ రేస్ ఇస్తే రెండు వేళ్లు కూడా లేవలేదు. కొత్త ఫిల్టర్‌తోనూ జానెడే లేచుంటే అప్పుడు అనుమానించాల్సింది రింగుల్ని, టర్బోని.

చలిదేశంలో ఉన్నవాళ్లకి ఇంకో మాట. బ్రీదర్ గొట్టంలో తేమ గడ్డకట్టినా ఇదే జరుగుతుంది. పొద్దున కారి, మధ్యాహ్నం ఎండకి మంచు కరగ్గానే ఆగిపోతుంది.

ఫిల్టర్ మార్చాక లోడుతో మూడుసార్లు ఐ-78 ఎక్కించాం. నల్ల లైటు వేస్తే సీలు దగ్గర పొడి. బిల్లు కాగితం యజమాని చేతిలో పెట్టినప్పుడు కుర్రాణ్ణి పక్కనే నిలబెట్టా. వాడు ఇప్పటికీ అదే బండి నడుపుతున్నాడు. డాష్‌బోర్డ్ మీద ఫిల్టర్ మార్చిన మైళ్లు మార్కర్‌తో రాసుకున్నాడు.