గాలిగొట్టంలో కాపలావాడు

అగ్నిప్రమాదం అనగానే మన కళ్ళముందు మెదిలేది మంట. కాని పెద్ద భవనాల్లో జరిగిన ప్రమాదాల నివేదికలు చదివినవారికి వేరొక సంగతి కనబడుతుంది. మరణించినవారిలో చాలామందిని మంట తాకనే లేదు. మంట ఒకచోట పుట్టింది, పొగ మరెక్కడో ప్రాణం తీసింది. ఆ రెండు చోట్ల మధ్య ఏదో ఒక దారి ఉండితీరాలి. మెట్లు, లిఫ్టు నడిచే గుంత, గోడల మధ్య సందులు అలాంటి దారులు. చల్లదనం కోసం మనం కోరి కట్టించుకున్న గాలిగొట్టాలు కూడా అలాంటి దారులే. వాడుకలో వాటినే డక్టులు అంటున్నాం.

ఉద్యోగరీత్యా చాలా ఏళ్ళు ఈ డక్టుల మధ్య తిరిగినవాణ్ణి నేను. వాటి పక్కన ఒక చిన్న పెట్టె బిగించి ఉంటుంది. దాని పేరు డక్ట్ స్మోక్ డిటెక్టర్. గది పైకప్పుకు అంటుకొని ఉండే గుండ్రటి డిటెక్టర్‌ను మీరందరూ చూసే ఉంటారు. ఇది మాత్రం ఫాల్స్ సీలింగ్ పైన చీకట్లో ఉంటుంది కనుక ఎవరి కంటా పడదు. ఆ పెట్టె అక్కడికి ఎందుకు చేరింది, చేరిన తరువాత దాని గతి ఏమయింది అన్నదే ఈ వ్యాస విషయం.

మొదట గాలి సంగతి. 1902లో విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయం కోసం గాలిలోని తేమను అదుపు చేసే యంత్రాన్ని రూపొందించాడు. తేమ హెచ్చుతగ్గులకు కాగితం సాగి, ముడుచుకొని, రంగులు ఒకదానిపై ఒకటి సరిగా పడేవి కావు. ఆధునిక ఎయిర్ కండిషనింగ్ పుట్టుక అదేనంటారు. 1925లో న్యూయార్క్‌లోని రివోలీ సినిమా హాలుకు చల్లగాలి వచ్చింది. 1928లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో మొత్తం చల్లబరచిన మిలం బిల్డింగ్ అనే ఎత్తయిన కార్యాలయ భవనం లేచింది. అంతకుముందు ప్రతి గదీ తన కిటికీతో తాను ఊపిరి పీల్చుకొనేది. ఇప్పుడు కిటికీలు మూతపడ్డాయి. ఎన్నో గదులకు కలిపి ఒక్క యంత్రమే ఊపిరి అయింది. ఒక గదిలోని గాలిని లాగి, చల్లబరచి, మళ్ళీ అన్ని గదులకూ పంచడం దాని పని. అది ఏ గాలిని లాగుతోందో దానికి తెలియదు. పొగ వస్తే పొగనే పంచుతుంది.

ఈ ప్రమాదాన్ని ముందుగా పసిగట్టినవారిలో భీమా రంగం వారున్నారు. వారి చొరవతో అమెరికాలో 1896లో జాతీయ అగ్నిరక్షణ సంఘం, అంటే ఎన్ఎఫ్‌పీఏ, ఏర్పడింది. 1899 నాటికే అది ఫ్యానుతో గాలిని తోసే వ్యవస్థల కోసం ఒక ఉపసంఘాన్ని నియమించింది. అప్పటికి క్యారియర్ యంత్రమే పుట్టలేదు. డక్టుల విషయంలో నేటికీ ప్రామాణికమైన ఎన్ఎఫ్‌పీఏ 90ఏ అనే నియమావళి ఆ పరంపరలోనిదే.

తొలినాళ్ళ రక్షణ కవాటాలు. వాటినే డాంపర్లు అంటారు. డక్టు గోడను దాటేచోట ఇనుప రెక్కలు అమర్చి, వాటిని తెరిచి పట్టి ఉంచడానికి ఫ్యూజిబుల్ లింక్ అనే చిన్న లోహపు ముక్కను తగిలిస్తారు. సుమారు 74 డిగ్రీల సెల్సియస్ వేడికి ఆ ముక్క కరిగి తెగుతుంది, రెక్కలు మూసుకుంటాయి. చాలా తెలివైన ఏర్పాటే. కాని అందులో ఒక లోపం ఉంది. అది వేడిని గుర్తిస్తుంది గాని పొగను గుర్తించదు. మంటకు దూరంగా వచ్చిన పొగ, చల్లటి గాలితో కలిసిన పొగ అంత వేడిగా ఉండదు. అది ఆ లోహపు ముక్కను తాకుతూనే దర్జాగా దాటిపోతుంది. చంపేది మాత్రం ఆ చల్లారిన పొగే.

కనుక పొగను పొగగానే గుర్తుపట్టే సాధనం కావలసి వచ్చింది. అది స్విట్జర్లాండ్‌లో పుట్టింది. 1930లలో వాల్టర్ యేగర్ అనే భౌతిక శాస్త్రవేత్త విషవాయువును పసిగట్టే పరికరం కోసం ప్రయత్నించాడు. అది విషవాయువుకు చలించలేదు. విసిగిపోయి సిగరెట్ వెలిగించగా, ఆ పొగకు పరికరంలోని ముల్లు కదిలిందని చెబుతారు. ఎర్న్‌స్ట్ మైలీ ఆ సూక్ష్మమైన మార్పును పెద్దది చేసి గంట మోగించగల ఏర్పాటు కనిపెట్టాడు. 1941లో సెర్బెరస్ అనే సంస్థ ఈ పరిజ్ఞానాన్ని ఆధారం చేసుకొని మొదలయింది. గ్రీకుల పురాణాల్లో పాతాళద్వారం దగ్గర కాపలా కాసే మూడు తలల కుక్క పేరది.

గదిలో పెట్టే డిటెక్టర్ దగ్గరకు పొగ తానే నెమ్మదిగా లేచి వస్తుంది. డక్టులో అలా కాదు. అక్కడ గాలి పరుగెడుతూ ఉంటుంది. అందుకని డిటెక్టర్‌ను డక్టు బయట ఒక పెట్టెలో ఉంచి, దాని నుంచి రెండు గొట్టాలను లోపలికి దింపుతారు. మొదటిది డక్టు వెడల్పంతా అడ్డంగా సాగే రంధ్రాల గొట్టం. రంధ్రాలు గాలి వచ్చే దిక్కుకే తిరిగి ఉండాలి, చివరకు బిరడా ఉండాలి. గాలి తాకిడికి కొంత గాలి రంధ్రాలలో దూరి పెట్టెలోకి వచ్చి, డిటెక్టర్‌ను తాకి, రెండవ గొట్టం ద్వారా మళ్ళీ డక్టులో కలుస్తుంది. రెండు గొట్టాల మధ్య ఉండే పీడన భేదమే దీనికి ప్రాణం. డక్టు మలుపు తిరిగేచోట గాలి సుడులు తిరుగుతుంది కనుక, తిన్నగా సాగే భాగంలోనే దీన్ని బిగించాలి.

ఇది పొగను పసిగడితే ఏం చేస్తుంది? జనాన్ని నిద్రలేపడం దీని ముఖ్యమైన పని కాదు. ఫ్యాన్‌ను ఆపడం, అవసరమైన చోట డాంపర్లను మూయించడం దీని పని. అంటే భవనం తన ఊపిరితో తానే విషం పంచుకోకుండా చూడటం.

ఈ పని ఎంత విలువైనదో లోకానికి చాటిన దుర్ఘటన 1980 నవంబర్ 21న లాస్ వెగాస్‌లో జరిగింది. ఎంజీఎం గ్రాండ్ అనే 26 అంతస్తుల హోటల్లో ఉదయం 7 గంటల ప్రాంతంలో, కింది అంతస్తులోని ఒక ఫలహారశాలలో విద్యుత్ లోపం వల్ల నిప్పు పుట్టింది. ఆ గదిలో నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు లేవు. ఫలహారశాల 24 గంటలూ తెరిచి ఉంటుంది కనుక నిప్పు పుడితే ఎవరో ఒకరు చూస్తారులే అని మినహాయింపు ఇచ్చారు. తరువాత దాని వేళలు మారాయి. నిప్పు అంటుకొనేసరికి అక్కడ ఎవరూ లేరు. మినహాయింపు మాత్రం అలాగే ఉంది. నిమిషాల్లో మంట పక్కనున్న జూదశాలను కాల్చివేసింది. పై అంతస్తుల గదులను మంట చేరలేదు. అయినా మృతుల సంఖ్య 85. అందులో అధికసంఖ్యాకులు ఎక్కడో పై అంతస్తుల్లో, మంటకు ఎంతో దూరంలో, పొగకు ఊపిరాడక పోయినవారు. లిఫ్టు గుంతలు, మెట్ల దారులు, భూకంపాల కోసం విడిచిన సందులు, గాలిగొట్టాలు అన్నీ కలిసి పొగను పైకి మోశాయి. డక్టుల్లో డాంపర్లు ఉన్నాయి. కాని లోపాల వల్ల మూసుకోవలసిన వేళ అవి మూసుకోలేదు.

దుర్ఘటన తరువాత నెవాడాలో నియమాలు కఠినమయ్యాయి, పాత హోటళ్ళకు కూడా స్ప్రింక్లర్లు తప్పనిసరి అయ్యాయి. డక్టుల విషయంలో 90ఏ చెప్పే లెక్కలు ఆసక్తికరం. నిమిషానికి 2000 ఘనపుటడుగులకు మించి గాలి పంపే వ్యవస్థలో, ఫిల్టర్లు దాటిన తరువాత, శాఖలు చీలకముందు ఒక డిటెక్టర్ ఉండాలి. ఫిల్టర్ల తరువాతే ఎందుకంటే, దుమ్ము పట్టిన ఫిల్టర్లూ, ఫ్యాన్ బెల్టూ, మోటారూ తామే అంటుకోవచ్చు. ఒకటి కంటే ఎక్కువ అంతస్తులకు సేవచేస్తూ 15,000 ఘనపుటడుగులు దాటే వ్యవస్థలో, తిరిగివచ్చే గాలి ఉమ్మడి గొట్టంలో కలవకముందే ప్రతి అంతస్తులోనూ డిటెక్టర్ ఉండాలి. కలిసిన తరువాత పొగ పలుచనైపోతుంది కదా!

ఇక మన దేశం సంగతి. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలులో, నేల అంతస్తులోని ట్రాన్స్‌ఫార్మర్ నుంచి నిప్పు పుట్టింది. పొగ మెట్ల దారినీ, ఏసీ డక్టులనూ పట్టుకొని పైకి వెళ్ళింది. బాల్కనీలో కూర్చొని సినిమా చూస్తున్నవారిని కమ్మేసింది. అదనపు సీట్లు కొన్ని దారులను మూసివేశాయి. 59 మంది మరణించారు. 2011 డిసెంబర్ 9 తెల్లవారుజామున కోల్‌కతాలోని ఏఎంఆర్ఐ ఆసుపత్రి నేలమాళిగలో నిప్పు అంటుకుంది. పొగ డక్టుల గుండా కూడా పై అంతస్తుల వార్డులకు పాకింది. కిటికీలు తెరుచుకోని అద్దాల గోడలు. మంచం దిగలేని రోగులు. సుమారు 90 మంది ప్రాణాలు పోయాయి. లాస్ వెగాస్ జరిగి అప్పటికి 31 ఏళ్ళు.

మనకు నియమాలు లేవా అంటే ఉన్నాయి. మొదటి జాతీయ భవన నిర్మాణ స్మృతి 1970లో వచ్చింది. 1983, 2005, 2016 సంవత్సరాల్లో సవరణలు జరిగాయి. తప్పించుకొనే మెట్లనూ, నడవలనూ తిరుగు గాలికి దారిగా వాడరాదని 2005 నాటి కూర్పు స్పష్టంగా చెప్పింది. అగ్ని హెచ్చరిక మోగగానే ఆ భాగపు గాలియంత్రం తనంతట తాను ఆగిపోవాలనీ చెప్పింది. ఏఎంఆర్ఐ దుర్ఘటన అంతకు ఆరేళ్ళ తరువాతది. కనుక ఈ చరిత్రలో నాకు కనబడే సారాంశం ఇది: తెలియక పోయిన ప్రాణాలు తక్కువ. తెలిసినదాన్ని కనిపెట్టుకొని ఉండక పోయినవే ఎక్కువ.

ఎందుకిలా జరుగుతుందో నాకు పనిలోనే కొంత అర్థమయింది. ఒక భవనంలో నిచ్చెన వేసుకొని ఫాల్స్ సీలింగ్ పలక తీసి చూస్తే, డిటెక్టర్ పెట్టెకు ప్లాస్టిక్ సంచీ చుట్టి ఉంది. రంగులు వేసేటప్పుడు దుమ్ము పడకుండా చుట్టారట. రంగు వేసి ఎన్నేళ్ళయిందో అక్కడెవరికీ గుర్తులేదు. మరొకచోట రంధ్రాల గొట్టం వెనక్కి తిరిగి ఉంది. అంటే అది గాలికి వీపు చూపుతూ కాపలా కాస్తోందన్నమాట. ఇంకొకచోట డిటెక్టర్ సక్రమంగా ఉంది గాని, దాని నుంచి ఫ్యాన్‌కు వెళ్ళే తీగను విప్పివేశారు. దుమ్ము చేరి ఊరికే ఫ్యాన్ ఆగిపోతుంటే ఉక్కపోత అని సిబ్బంది గోల పెట్టారట. మూడింటిలోనూ ప్యానెల్ మీద పచ్చదీపం హాయిగా వెలుగుతూనే ఉంది. ఆ దీపం కరెంటు ఉందని చెబుతుంది గాని కాపలా ఉందని చెప్పదు.

ఆ ఉక్కపోత గోలకు మందు తీగ విప్పడం కాదు, శుభ్రం చేయడం. రంధ్రాల గొట్టంలో చేరిన దుమ్మును ఊదివేయాలి. పెట్టె మూత చుట్టూ ఉన్న రబ్బరు బిగుతుగా ఉందా చూడాలి. రెండు గొట్టాల మధ్య పీడన భేదాన్ని మ్యానోమీటర్‌తో కొలవాలి. ఏడాదికొకసారైనా నిజమైన పరీక్ష చేయాలి. అయస్కాంతం ఆనించి గంట మోగించడం పూర్తి పరీక్ష కాదు. దానివల్ల తీగలు పనిచేస్తున్నాయని తెలుస్తుంది గాని పొగ లోపలికి చేరుతోందని తెలియదు. అన్నిటికంటే ముందు, ఆ పెట్టె దగ్గరకు మనిషి చేరే తలుపు ఉండాలి. చేరలేని పరికరాన్ని ఎవరూ శుభ్రం చేయరు.

దీని పరిమితి కూడా చెప్పాలి. ఫ్యాన్ ఆగి ఉంటే గొట్టంలో గాలి కదలదు. గాలి కదలకపోతే డిటెక్టర్‌కు కళ్ళు లేనట్టే. రాత్రి ఏసీ ఆపేసిన కార్యాలయంలో ఇది కాపలా కాయదు. గదుల్లోని డిటెక్టర్లకు ఇది బదులు కాదని నియమావళి చెప్పడం అందుకే. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్ రూబీ హోటల్లో 8 మందిని బలిగొన్న పొగకు మెట్లే దారి అయ్యాయి. డక్టును ఒక్కదాన్నే మూస్తే చాలదు.

మీరు పనిచేసే భవనంలో ఈసారి అగ్నిప్రమాద కసరత్తు జరిగినప్పుడు, మెట్లు దిగే ముందు ఒక్కక్షణం ఆగి తల పైకెత్తండి. గంట మోగుతోంది సరే. పైనున్న జాలీలోంచి గాలి ఇంకా వీస్తోందా? వీస్తూ ఉంటే, కసరత్తు అయ్యాక నిర్వహణ వారి దగ్గరకు వెళ్ళి, ఫ్యాన్ ఎందుకు ఆగలేదని అడగండి.