లింగంపల్లి లైనులో పొగబండి రోజులు

హైటెక్ సిటీ స్టేషనులో సాఫ్ట్‌వేరు ఉద్యోగులను దించే ఎం.ఎం.టి.ఎస్. బండ్లు నడుస్తున్న దారి నిన్న మొన్నటిది కాదు. నిజాం ప్రభుత్వ సొమ్ముతో వేసిన వాడి–సికిందరాబాదు మార్గం 1874లో ప్రారంభమైంది. సైబర్ టవర్స్ 1998లో వెలిసింది, ఎం.ఎం.టి.ఎస్. 2003 ఆగస్టులో వచ్చింది. డీజిల్ వచ్చేదాకా ఈ రాతిగుట్టల మధ్య పొగ చిమ్ముతూ తిరిగినవి బొగ్గు ఇంజన్లే.

ఇంగ్లండులో రైలు ఇంజన్ల నంబర్లు రాసుకోవడం పిల్లలకు పెద్ద వేడుక. ఇయాన్ అలన్ అనే రైల్వే గుమాస్తా 1942లో ఇంజన్ల నంబర్లతో చిన్న పుస్తకం వేస్తే, కుర్రాళ్లు ప్లాట్‌ఫారం చివర నిలబడి, కనబడిన నంబరుకల్లా గీత పెట్టుకునేవారు. అక్కడి ప్రధాన మార్గాలలో 1968 ఆగస్టు 11తో ఆవిరి బండి ముగిసింది. ఆ అభిమానమే ఎన్నో ఇంజన్లను బతికించింది. బారీ అనే ఊరి తుక్కు యార్డు ఒక్కదాని నుంచే 213 ఇంజన్లను విడిపించుకుపోయారు!

మన దేశంలో ఆవిరి ఇంజను మరి 27 ఏళ్లు బతికింది. బొగ్గు మనది, చమురు బయటిది. పైగా మన ప్రాంతానికి సింగరేణి ఉండనే ఉంది. చిత్తరంజన్ కర్మాగారం తన చివరి బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజనుకు 1970లో ‘అంతిమ్ సితారా’ అని పేరు పెట్టింది. 1995 డిసెంబరులో బ్రాడ్‌గేజిపై మామూలు ఆవిరి బండ్లు ఆగిపోయాయి. మీటరుగేజిపై మరి కొన్నేళ్లు సాగాయి.

ఇన్నేళ్లు మిగిలినా మనవాళ్లెవరూ నంబర్లు రాసుకోలేదు. కెమెరాలు ఎందరికున్నాయి? ఉన్నా స్టేషనులో ఫోటోకు అనుమతి కావాలి. కానీ రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్లలకు నంబరుతో పనేముంది! ముక్కు కోసుగా, దానిమీద నక్షత్రంతో వచ్చేది డబ్ల్యూ.పి., ప్యాసింజర్ల ఇంజను. గూడ్సు లాగేది డబ్ల్యూ.జి. మీటరుగేజి మీద వై.పి., వై.జి. కొందరైతే కూత విని డ్రైవరు ఎవరో చెప్పేవారు.

ఆ ఇంజను మీద డ్రైవరుకు తోడు ఇద్దరు ఫైర్‌మన్లు. పారతో బొగ్గు ఎగదోయడం బలం పనే అనుకుంటారు, కాదు. మంట అంతటా సమంగా పరుచుకోవాలి, ఎత్తు రాకముందే ఆవిరి పట్టాలి, బాయిలరులో నీటిమట్టం మీద నుంచి కన్ను తీయరాదు. నీరు తగ్గితే ప్రాణాలకే ముప్పు. అర్ధరాత్రి కాల్‌బాయ్ తలుపు తట్టి డ్యూటీకి పిలిచేవాడు. తిరిగి వచ్చిన బట్టలను ఉతికిన ఇల్లాలికే తెలుసు ఆ మసి సంగతి.

ఈ పనితనం ఏ రిజిస్టరులోనూ లేదు. చివరి రోజుల్లో ఫైర్‌మన్లుగా చేరిన వారికీ ఇప్పుడు అరవై దాటింది. మన సభ్యులలో ఆ ఉద్యోగం చేసినవారుంటే ఇంజను నంబరు, షెడ్డు, తోటివారి పేర్లు, బండి నడిచిన మార్గం రాసి పంపగలరు. చెయ్యి వణికితే మనుమలతో రాయించండి, అక్షరదోషాలు మేము చూసుకుంటాం.