కరోందా కుండీలో: గుర్తుపట్టడం, పెంచడం ఇలా

ఉర్దూలో కరోందా అంటే తెలుగులో వాక్కాయ. పప్పులో, అచార్‌లో చింతపండు లేకుండానే పులుపునిచ్చే ఈ కాయలు ఎప్పుడూ పచ్చగా ఉండే ముళ్ల పొదకు కాస్తాయి. ఖమ్మం, భద్రాచలం అడవి అంచుల్లో దీని చిన్నరకం కలేకాయ కనిపిస్తుంది. పాన్‌లో వేసే ఎర్ర చెర్రీలు చాలావరకు రంగు వేసిన కరోందాలే.

గుర్తులు: ఆకులు ఎదురెదురుగా, మందంగా మెరుస్తుంటాయి. కణుపుల దగ్గర గట్టి ముళ్లుంటాయి. పూలు తెల్లగా, ఐదు రేకులతో మంచి వాసన వేస్తాయి. కాయ పండితే నల్లబడుతుంది. లోపల కొన్ని చిన్న గింజలు ఉంటాయి.

జాగ్రత్త: తుంచితే పాలు వచ్చాయని మాత్రమే నమ్మొద్దు. విషపూరితమైన పచ్చ గన్నేరుకూ పాలు వస్తాయి, దాని కాయ కూడా పండితే నల్లబడుతుంది. అయితే దానికి ముళ్లుండవు, పూలు పసుపు, ఆకులు సన్నగా పొడుగ్గా ఉంటాయి. పిల్లలు పొరపాటున తింటే లక్షణాల కోసం చూడకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

పెంపకం: కిన్నెరసాని లాంటి అభయారణ్యంలో మొక్క పీకడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నర్సరీ మొక్క కొనండి, లేదా బాగా పండిన కాయల గింజలు కడిగి, ఎండబెట్టకుండా వెంటనే నాటండి. అడుగున రంధ్రాలున్న 14 అంగుళాల కుండీలో ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నింపండి. రోజంతా ఎండ తగలాలి. పైమట్టి ఆరాకే నీళ్లు పోయాలి, నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. కాయలు కోశాక కొమ్మలు కత్తిరించాలి. గింజ మొక్క కాపుకు రెండు మూడేళ్లు పడుతుంది. ముళ్లుంటాయి కాబట్టి కుండీని పిల్లలు ఆడేచోట పెట్టొద్దు.